మనుస్: ఒక లాటిన్ పదం, దాని వాచ్య లక్ష్యార్థాలు

మనుస్ అంటే లాటిన్‌లో చేయి. మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఉన్న అవయవం దీని వాచ్యార్థం. లక్ష్యార్థాలు చాలా ఉన్నాయి: బలం, అధికారం, స్వాధీనం, పోరు, సాయుధుల దండు, పనితనం, దస్తూరి, ఏనుగు తొండం, ఓడలను లాగే ఇనుప కొక్కెం. రోమన్ న్యాయశాస్త్రంలో ఇది పారిభాషిక పదం కూడా. పెళ్లితో భార్య మీద భర్తకు, అతను తండ్రి అధికారం కింద ఉంటే ఆ తండ్రికి, సంక్రమించే చట్టబద్ధమైన అధికారానికి మనుస్ అని పేరు.

ఈ లక్ష్యార్థాలను కవుల అలంకారాలుగా మాత్రమే లెక్కించడం సరికాదు. వీటిలో చాలావాటికి, ముఖ్యంగా న్యాయానికి సంబంధించినవాటికి, సాక్షుల ఎదుట నిజంగా చేయి వేసి పట్టుకున్న చర్యో, పట్టు వదిలిన చర్యో మూలం. రోమన్ల విషయంలో వాచ్యార్థం ఎక్కడ ముగిసిందో, లక్ష్యార్థం ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పడం తరచు కష్టమవుతుంది.

వ్యుత్పత్తి, వ్యాకరణం

ఈ పదం ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినది. ప్రాచీన ఇటలీలో లాటిన్ పక్కనే మాట్లాడిన ఆస్కన్, అంబ్రియన్ భాషల్లో దీని సోదర రూపాలున్నాయి. జర్మానిక్ భాషల్లో ‘ముండ్’ అనే మాట దీనికి జ్ఞాతి. ప్రాచీన ఇంగ్లీషులో ఆ మాటకు చేయి, రక్షణ అనే రెండర్థాలూ ఉండేవి. ఇటలీలో స్థిరపడిన లొంబార్డులు 643లో రాజు రోతారి పేరిట వెలువరించిన శాసనం ప్రకారం స్త్రీ ఎప్పుడూ ఎవరో ఒక పురుషుడి ముండ్ కింద ఉండాలి. చేయి అనే మాట ఇంటిపెద్ద అధికారానికి పేరు కావడం రోమన్ల దగ్గరే జరగలేదన్నమాట.

సంస్కృత ‘హస్త’, గ్రీకు ‘ఖేయిర్’ వేరే ధాతువుల నుంచి వచ్చాయి. సంస్కృత ‘మనస్’తో పోలిక చెవికే పరిమితం. మనస్సుకు అసలైన లాటిన్ జ్ఞాతి ‘మెన్స్’. రోమన్ వివాహాధికారం పేరు విన్న తెలుగు పాఠకుడికి ‘మనువాడటం’ గుర్తుకు రావడం సహజమే గానీ అదీ కాకతాళీయమే.

వ్యాకరణరీత్యా మనుస్ నాలుగో విభక్తి వర్గానికి చెందిన స్త్రీలింగ పదం. ఆ వర్గంలో పుంలింగ పదాలే ఎక్కువ కాబట్టి దీన్ని వ్యాకరణాలు మినహాయింపుల జాబితాలో చేరుస్తాయి. ఈ విలక్షణత లాటిన్ నుంచి పుట్టిన భాషల్లోనూ నిలిచింది. ఇటాలియన్, స్పానిష్ భాషల్లో ఓకారాంత నామాలు సాధారణంగా పుంలింగాలు. ‘మానో’ మాత్రం రెండింటిలోనూ స్త్రీలింగమే. ఫ్రెంచి, పోర్చుగీసు, రొమేనియన్ భాషల్లోని చేయి పదాలు కూడా ఈ మూలం నుంచే వచ్చాయి.

శరీరభాగంగా

తెలుగులో చేయి అంటే సందర్భాన్ని బట్టి భుజం నుంచి వేళ్ల దాకా మొత్తం కావచ్చు, అరచేయి ఉన్న భాగం మాత్రమే కావచ్చు. లాటిన్‌లో మోచేతికీ మణికట్టుకీ మధ్య భాగం ‘బ్రాకియుమ్’, దాని పైభాగం ‘లకెర్తుస్’, చివరి భాగం మనుస్. అరచేతికి ‘పల్మ’, పిడికిలికి ‘పుగ్నుస్’, వేలికి ‘దిగితుస్’, బొటనవేలికి ‘పొల్లెక్స్’ అనే పేర్లున్నాయి. కుడిచేతిని ‘దెక్స్‌త్ర’ అని, ఎడమచేతిని ‘సినిస్త్ర’ అని మనుస్ చేర్చకుండానే అనేవారు.

ఇదే అర్థంలో మనుస్ నేటి శరీరశాస్త్ర పరిభాషలో అధికారిక పదంగా కొనసాగుతోంది. అందులో 27 ఎముకలుంటాయి: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. జంతుశాస్త్రంలో ఈ పదం పరిధి ఇంకా పెద్దది. నాలుగు కాళ్ల వంశానికి చెందిన ఏ వెన్నెముక జీవికైనా ముందు అవయవం కొసభాగాన్ని మనుస్ అంటారు. గబ్బిలం రెక్కలో సాగిన వేళ్లు, తిమింగలం ఈతరెక్క చివర, గుర్రం ముందుకాలి గిట్ట భాగం, అన్నీ మనుస్‌లే.

రోమన్లకు చేయి లెక్కల పలక కూడా. ఒకట్లు, పదులు ఎడమచేతి వేళ్ల మడతలతో, వందలు కుడిచేతితో చూపేవారు. జువెనల్ పదో వ్యంగ్యకావ్యంలో దీర్ఘాయువైన నెస్టర్ తన ఏళ్లను కుడిచేతి మీద లెక్కపెట్టుకునే స్థితికి చేరాడని ఒక చమత్కారం ఉంది. ఈ లెక్కింపు తెలియని పాఠకుడికి అది అర్థం కాదు. 725లో ఇంగ్లండు సన్యాసి బీడ్ కాలగణన మీద రాసిన గ్రంథం తొలి అధ్యాయంలో ఈ పద్ధతిని వివరంగా నమోదు చేశాడు. వక్తృత్వ బోధకుడు క్వింటిలియన్ తన గ్రంథం పదకొండో సంపుటంలో చేతి ముద్రలకు చాలా చోటిచ్చాడు. ఇతర అవయవాలు వక్తకు తోడ్పడతాయనీ, చేతులు దాదాపు తామే మాట్లాడతాయనీ అతని అభిప్రాయం.

ఏనుగు తొండం

లాటిన్ రచయితలు ఏనుగు తొండాన్ని కూడా మనుస్ అన్నారు. సిసిరో ‘దేవతల స్వభావం’ అనే గ్రంథం రెండో భాగంలో, భారీ శరీరం వల్ల మేతను అందుకోవడం కష్టమైన ఏనుగుకు ప్రకృతి చేయి ఇచ్చిందని వాదించే పాత్ర ఒకటి ఉంది. లుక్రీషియస్ ఏనుగులకు పాము, చేయి అనే రెండు మాటలను కలిపి ‘అంగ్విమనుస్’ అనే విశేషణం వాడాడు. సంస్కృతంలోనూ ఇదే జరిగింది. హస్తం గలది హస్తి, కరం గలది కరి. ఈ రెండూ తెలుగు కావ్యభాషలో స్థిరపడ్డాయి. రెండు నాగరికతలూ వేర్వేరుగా ఒకే పోలికను గమనించి ఉండవచ్చు. ఒకదాని నుంచి మరొకటి తీసుకుందని అనుకోవలసిన అవసరం లేదు.

యుద్ధంలో

యుద్ధ కథనాల్లో మనుస్ ఏకవచనంలో తరచు ‘దండు’ అనే అర్థమిస్తుంది. సీజర్ రచనల్లో పెద్ద మనుస్‌ను కూడగట్టడం అంటే మనుషుల్ని పోగుచేయడం. చేతులు కలపడం అనే పదబంధం తెలుగులో స్నేహానికి, సహకారానికి చెల్లుతుంది. లాటిన్‌లో అలాంటి ‘మనుస్ కొన్సెరెరె’ తలపడి పోరాడటాన్ని సూచిస్తుంది. చేతులు ఇవ్వడం, ‘మనుస్ దరె’, బంధించమని చేతులు చాచడం, అంటే లొంగిపోవడం. వాదంలో ఓటమి ఒప్పుకోవడానికి కూడా ఇదే మాట వాడేవారు.

‘మనిపులుస్’ అంటే చేతికి నిండేంత, పిడికెడు. మొదట గడ్డికట్టకు, తర్వాత సైనిక దళానికి పేరయింది. పూర్వం గడ్డికట్టను కర్రకు కట్టి ధ్వజంగా మోసేవారని, దళానికి ఆ పేరు అందువల్లే వచ్చిందని రోమన్ల నమ్మకం. ఓవిడ్ ‘ఫాస్తి’ మూడో భాగంలో ఇది చెప్పాడు. పాలీబియస్ వర్ణించిన సైన్యంలో ఒక లెజియన్‌కు 30 మనిపులుస్‌లు ఉండేవి. మొదటి రెండు వరుసల్లో ఒక్కోదానికి 120 మంది, వెనుక వరుసలో 60 మంది. సైనిక ధ్వజాల కొన మీద తెరిచిన చేయి బొమ్మ ఉండే ఆచారానికి ట్రాజన్ స్తంభం మీది శిల్పాలు సాక్ష్యం.

ఇనుప చేయి, ‘మనుస్ ఫెర్రెయ’, శత్రు ఓడను పట్టి దగ్గరికి లాగే కొక్కెం. క్రీ.పూ. 49లో మస్సిలియా, అంటే నేటి మార్సెయ్, దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో సీజర్ పక్షం దీన్ని వాడింది. అంతకు పూర్వం క్రీ.పూ. 213లో మొదలైన సిరక్యూస్ ముట్టడిలో ఆర్కిమిడీస్ అమర్చిన యంత్రాన్ని వర్ణిస్తూ లివీ ఇదే పేరు వాడాడు. గోడ మీద నుంచి గొలుసుతో దిగి ఓడ ముక్కును పట్టి ఎత్తి, మళ్లీ ఒక్కసారిగా వదిలే యంత్రమది.

పనితనం, దస్తూరి

ప్రకృతి సిద్ధం కానిదాన్ని, మనిషి చేసినదాన్ని లాటిన్‌లో ‘మను’, అంటే చేతితో, అనే రూపంతో చెబుతారు. సహజంగా దుర్గమమైన కొండకూ, చేతితో కట్టి పటిష్ఠం చేసిన ఊరికీ తేడా చరిత్రకారులు ఇలాగే చూపారు. చివరి చేయి, ‘ఎక్స్‌త్రెమ మనుస్’, అంటే తుది మెరుగు. గాయస్ గ్రాకస్ ప్రసంగాలకు ఆ చివరి చేయి పడలేదని సిసిరో ‘బ్రూటస్’లో అన్నాడు. బొమ్మ మీది నుంచి చేయి తీయడం అనే నానుడి దీనికి ఎదురు. చిత్రకారుడు అపెల్లీస్ తన సాటివాడైన ప్రోటోజెనీస్‌కు ఎప్పుడు ఆపాలో తెలియదని విమర్శించిన కథను ప్లినీ దీనికి మూలంగా చెప్పాడు.

దస్తూరి అర్థానికి సిసిరో లేఖలు మంచి ఆధారం. సంపన్నులు ఉత్తరాలు బానిసల చేత రాయించేవారు కాబట్టి స్వయంగా రాయడం ఆత్మీయతకు గుర్తు. మిత్రుడు అట్టికస్ లేఖకుడైన అలెక్సిస్ మనుస్ తనకు ఇష్టమని, అది అట్టికస్ అక్షరాలకు దగ్గరగా ఉండటమే కారణమని సిసిరో ఒక లేఖలో చెప్పాడు. అలాంటి లేఖకుడిని చేతి దగ్గరి బానిస అనే అర్థంలో ‘ఆ మనూ’ అనేవారు. తర్వాత అదే ‘ఆమనుయెన్సిస్’ అయింది. తెలుగులో చేవ్రాలు సంతకానికి పరిమితమైంది. లాటిన్ మనుస్ రాత మొత్తానికీ వర్తిస్తుంది.

జూదంలో వేసిన పందేన్ని కూడా మనుస్ అన్న సందర్భం ఉంది. స్విటోనియస్ భద్రపరిచిన అగస్టస్ లేఖలో ఇది కనిపిస్తుంది.

రోమన్ న్యాయంలో

రోమన్ న్యాయంలోని మనుస్ గురించి మనకు ఇంత వివరంగా తెలియడానికి ఒక్క పుస్తకం ప్రధాన కారణం. క్రీ.శ. 160 ప్రాంతంలో గాయస్ అనే న్యాయవేత్త రాసిన ‘ఇన్స్‌టిట్యూట్స్’ అది. 1816లో జర్మన్ చరిత్రకారుడు నీబూర్ వెరోనాలో జెరోమ్ లేఖలున్న ఒక తోలుప్రతిని చూశాడు. పాత రాతను చెరిపి దాని మీద కొత్తది రాసిన ప్రతి అది. అడుగున మిగిలిన రాత గాయస్ గ్రంథం. తర్వాతి కాలపు చక్రవర్తి జస్టీనియన్ నియమించిన సంకలనకర్తలు తమ కాలానికి పనికిరావని తొలగించిన నియమాలెన్నో అందులో ఉన్నాయి. మనుస్ వాటిలో ఒకటి.

వివాహాధికారం. ఇతరుల అధికారం కింద ఉన్నవారిని గాయస్ మూడు రకాలుగా చెప్పాడు: పితృ అధికారం లేదా యజమాని అధికారం కింద ఉన్నవారు, మనుస్ కింద ఉన్నవారు, మాంకిపియుమ్, అంటే చేతితో పట్టి కొన్నందువల్ల వచ్చే అధికారం, కింద ఉన్నవారు. వీటిలో మనుస్ స్త్రీలకే వర్తిస్తుంది. మనుస్‌లోకి వచ్చిన భార్య చట్టం దృష్టిలో భర్తకు కూతురితో సమానం. పుట్టింటి వంశంతో ఆమెకున్న వారసత్వ బంధం తెగిపోతుంది, ఆమె ఆస్తి భర్తదవుతుంది. భర్త వీలునామా రాయకుండా చనిపోతే పిల్లలతో పాటు ఆమెకూ వాటా వస్తుంది.

మనుస్ మూడు విధాలుగా ఏర్పడేది. మొదటిది ‘కొన్‌ఫర్రెయాతియో’. ఫర్ అనే గోధుమ జాతి ధాన్యంతో చేసిన రొట్టెను జూపిటర్‌కు నివేదించి, 10 మంది సాక్షుల ఎదుట నిర్ణీత వాక్యాలు పలికే మతకర్మ ఇది. రెండోది ‘కొయెంప్తియో’, నామమాత్రపు క్రయం. మూడోది ‘ఊసుస్’. ఏడాది పాటు ఎడతెగని కాపురం చేస్తే అధికారం దానంతటదే వచ్చేది. క్రీ.పూ. 451, 450 సంవత్సరాల నాటి పన్నెండు ఫలకాల చట్టం దీనికొక మార్గాంతరం చూపింది. భార్య ఏటా వరుసగా మూడు రాత్రులు భర్త ఇంటికి దూరంగా గడిపితే గడువు తెగిపోతుంది, మనుస్ ఏర్పడదు. పెళ్లి మాత్రం చెల్లుతుంది.

రిపబ్లిక్ చివరి కాలానికి మనుస్ లేని పెళ్లిళ్లే మామూలయ్యాయి. ఊసుస్ కొంత చట్టాల వల్ల, కొంత వాడుక తప్పడం వల్ల పోయిందని గాయస్ అంటాడు. క్రీ.శ. 23లో జూపిటర్ ప్రధాన అర్చకుడి పదవికి కొన్‌ఫర్రెయాతియోతో పెళ్లయిన తల్లిదండ్రులకు పుట్టిన అభ్యర్థులు దొరకడం కష్టమైందని టాసిటస్ రాశాడు. ఆ అర్చకుడి భార్య మతకర్మల వరకే భర్త అధికారంలో ఉండి, మిగతా విషయాల్లో ఇతర స్త్రీలతో సమానంగా ఉండేలా అప్పుడు చట్టం చేశారు.

చేతితో పట్టి కొనడం. ‘మాంకిపాతియో’ అనే పేరులో మనుస్, పట్టుకోవడం అనే క్రియ కలిశాయి. కనీసం ఐదుగురు వయోజన పౌరులు సాక్షులుగా, మరొకరు త్రాసు పట్టుకోగా, కొనేవాడు వస్తువును చేత్తో పట్టి తనదని ప్రకటించి, కంచు ముక్కతో త్రాసును తాకించి, దాన్ని ధరగా అమ్మేవాడికి ఇచ్చేవాడు. ఇటలీ భూమి, బానిసలు, ఎద్దులు, గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలు, దారి వంటి కొన్ని గ్రామీణ భూహక్కులు ఇలాగే చేతులు మారాలి. బానిసనూ పశువునూ ఎదుట నిలబెట్టి పట్టుకుంటే తప్ప క్రియ చెల్లదని, భూమిని మాత్రం దూరం నుంచే బదిలీ చేయవచ్చని గాయస్ స్పష్టంగా చెప్పాడు. పొలాన్ని ఎవరూ చేత్తో పట్టలేరు కదా. అదే మాట, అదే తంతు. ఒకచోట చేయి నిజమైనది, మరోచోట ఊహ. ఈ అర్థ విస్తరణను ఇంత సూటిగా పట్టిచ్చే ఆధారం లాటిన్‌లో మరొకటి అరుదు. ఇలా కొన్న సొత్తుకు, అందులోనూ బానిసకు, ‘మాంకిపియుమ్’ అని పేరు వచ్చింది. 531లో జస్టీనియన్ ఈ రకం వస్తువులకూ మిగతా వాటికీ ఉన్న తేడాను రద్దు చేశాడు.

కుమారుడిని పితృ అధికారం నుంచి విడిపించే ‘ఎమాంకిపాతియో’ ఈ క్రయం మీదే నిలిచింది. కొడుకును మూడుసార్లు అమ్మిన తండ్రికి అతనిపై హక్కు పోతుందని పన్నెండు ఫలకాల చట్టం. తండ్రిని కట్టడి చేయడానికి పెట్టినట్టు కనిపించే ఈ నిబంధనను న్యాయవేత్తలు విడుదల మార్గంగా మలిచారు. నమ్మకస్తుడికి మూడుసార్లు నామమాత్రంగా అమ్మితే కొడుకు స్వతంత్రుడు. కూతురికి, మనవలకు ఒక్క అమ్మకం చాలు.

బానిస విముక్తి. ‘మనుమిస్సియో’ అంటే చేతి నుంచి విడవడం. జస్టీనియన్ 533లో ప్రకటించిన న్యాయ సంకలనం ‘డైజెస్ట్’లో న్యాయవేత్త ఉల్పియన్ ఇదే వ్యుత్పత్తి ఇచ్చాడు. మేజిస్ట్రేట్ ఎదుట కర్రతో తాకించి స్వేచ్ఛ ప్రకటించడం, జనాభా పట్టికలో పౌరుడిగా నమోదు చేయించడం, వీలునామాలో రాయడం అనే మూడు మార్గాలుండేవి. క్రీ.పూ. 357 చట్టం విడుదలయ్యే బానిస విలువపై 5 శాతం పన్ను విధించింది. వీలునామా ద్వారా విడుదల చేసే బానిసల సంఖ్యకు క్రీ.పూ. 2లో పరిమితి పెట్టారు.

అప్పు వసూలు. తీర్పు వచ్చాక బాకీ తీర్చడానికి 30 రోజుల గడువు. అది దాటితే అప్పిచ్చినవాడు బాకీదారు మీద చేయి వేసి న్యాయాధికారి ముందుకు లాక్కుపోవచ్చు. దీని పేరు ‘మనుస్ ఇనియెక్తియో’. ఎవరూ పూచీ పడకపోతే 60 రోజుల దాకా బంధించి ఉంచవచ్చు. ఆ లోగా వరుసగా మూడు సంతరోజుల్లో అతన్ని బయటికి తెచ్చి బాకీ ఎంతో బహిరంగంగా ప్రకటించాలి. దొంగతనంలోనూ చేతి జాడ ఉంది. పట్టుబడ్డ దొంగతనానికి ‘ఫుర్తుమ్ మనిఫెస్తుమ్’ అని పేరు, దానికి నాలుగింతల పరిహారం. అలా పట్టుబడని దానికి రెండింతలు. మనిఫెస్తుమ్‌లో మొదటి భాగం మనుస్. రెండో భాగం మీద భాషావేత్తలకు ఏకాభిప్రాయం లేదు.

సామెత, ఆచారం

చేయి చేతిని కడుగుతుందనే సామెత సెనెకా, పెట్రోనియస్ ఇద్దరి వ్యంగ్య రచనల్లోనూ ఉంది. పరస్పర సహాయం అని పైకి కనిపించినా, ఇద్దరి దగ్గరా దీనికి లోపాయికారీ ధ్వనే ఎక్కువ. శవపేటికల మీద దంపతులు కుడిచేతులు కలపడం, నాణేల మీద విశ్వాసానికీ సఖ్యతకూ ప్రతీకగా రెండు కుడిచేతులు కలిసి ఉండటం రోమన్ కళలో తరచు కనిపిస్తాయి. తూర్పు నుంచి వచ్చిన సబాజియస్ అనే దేవుడి ఆరాధనలో కంచు చేతులను మొక్కుబడిగా సమర్పించేవారు.

మధ్యయుగాల్లో

క్రైస్తవ లాటిన్‌లో తల మీద చేతులుంచడం దీవెనకు, గురుపట్టాభిషేకానికి సంకేతం. సామంత వ్యవస్థలో సామంతుడు మోకరిల్లి జోడించిన చేతులను ప్రభువు చేతుల మధ్య పెట్టేవాడు. ‘మనుస్ మొర్తుఅ’, చచ్చిన చేయి, మరొక పరిభాష. మఠాల వంటి సంస్థలకు చావు లేదు, వారసత్వం లేదు. వాటి గుప్పిట్లో పడ్డ భూమి తిరిగి చలామణీలోకి రాదు, ప్రభువుకు రావలసిన రుసుములు ఆగిపోతాయి. మొదటి ఎడ్వర్డ్ కాలంలో ఇంగ్లండు 1279, 1290 సంవత్సరాల్లో దీన్ని అడ్డుకునే చట్టాలు చేసింది. ఈ పరంపరలోని తర్వాతి ఇంగ్లీషు చట్టం భారతదేశానికి వర్తించదని, లక్నోలో స్థిరపడిన ఫ్రెంచి సైనికాధికారి క్లాడ్ మార్టిన్ వీలునామా వివాదంలో 1836లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది.

ఆధునిక భాషల్లో, తెలుగులో

ఇంగ్లీషు ద్వారా మనుస్ సంతతి తెలుగు వాడుకలో బాగా కలిసిపోయింది. మాన్యువల్, మానిక్యూర్ నేరుగా చేతికి సంబంధించినవి. మేనేజర్‌కు మూలమైన ఇటాలియన్ క్రియ మొదట గుర్రాన్ని అదుపులో నడపడానికి వాడినది. మెయింటెనెన్స్‌లో చేత్తో పట్టి నిలపడం ఉంది. ఎన్నికల మేనిఫెస్టో మనిఫెస్తుమ్ సంతతే. చేతికి అప్పగించడం అనే మూలార్థం గల ‘మందారె’ నుంచి కమాండ్, డిమాండ్ వచ్చాయి. చేతిరాత ప్రతిని సూచించే మాన్యుస్క్రిప్ట్ అనే మాట, గంటంతో తాటాకు మీద చెక్కిన తెలుగు గ్రంథాలకూ వర్తిస్తుంది. సి.పి. బ్రౌన్ సేకరించిన ప్రతులున్న చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇంగ్లీషు పేరులోనూ అది ఉంది.

న్యాయస్థానాల్లో మాత్రం ఒక లాటిన్ రూపం మారకుండా మిగిలింది. మందారె క్రియకు ఉత్తమ పురుష బహువచన రూపమైన ‘మాండమస్’కు ఆజ్ఞాపిస్తున్నాం అని అర్థం. చట్టం విధించిన పని చేయని అధికారిని చేయమని ఆదేశించే రిట్ ఇది. భారత రాజ్యాంగం 32వ అధికరణ సుప్రీంకోర్టుకు, 226వ అధికరణ హైకోర్టులకు ఈ రిట్ జారీ చేసే అధికారాన్ని పేరు పెట్టి ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల్లో దాఖలయ్యే రిట్ పిటిషన్ల ప్రార్థన భాగంలో ఈ మాట నిత్యం కనిపిస్తుంది.